ఒంటి తుమ్ము

పిస్కాటవే,
శనివారం.

అక్కకి రాంబాబు నమస్కారాలు.

ఇక్కడ నా ఒళ్ళు బాగానే ఉంది. మిగతా నేను ఎలా ఉన్నానో ఈ ఉత్తరం చదివాక నువ్వే తేల్చుదువుగాని. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావ షుగర్ బిళ్ళలు వేసుకుంటున్నాడా, లేక దిండు కింద దాచి వేసుకున్నానని బొంకుతున్నాడా? పెద్దమ్మకి కంటి ఆపరేషన్ అయ్యాక చూపు ఆనుతోందా? అందరూ బాగుండాలి. వెటకారం కాదు, నిజంగానే అంటున్నాను.

ఫోన్ ఉండగా ఈ కాగితం ఎందుకంటావు. ఈ సంగతి ఫోన్లో రెండుసార్లు చెప్పబోయాను. రెండుసార్లూ "మళ్ళీ ఏం వేషం వేస్తున్నావురా?" అని నవ్వేశావు. నీ తప్పు కాదు. నీ పెళ్ళిచూపుల్లో బావ కాఫీలో ఉప్పు కలిపినవాడి మాట ఎవరు నమ్ముతారు? అందుకే రాస్తున్నాను. మా కొట్టు ఓనరు అత్తగారు రేపు విజయవాడకి విమానం ఎక్కుతోంది. ఆవిడ చేతికిస్తాను. నవ్వకుండా చదువు.

ఇక్కడ చలి ముదిరింది. పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీక్కుని కొట్టుకి పోతాను. వెనక వంటగదిలో దోశెల పిండి రుబ్బి డబ్బాలకెత్తుతాను. కొనేవాళ్ళంతా కంప్యూటర్ ఉద్యోగాల పిల్లలు. "అంకుల్, పిండి బాగా పులిసిందా?" అంటారు. "మీ మేనేజర్ మొహమంత కాదులే" అంటాను. నవ్వుతారు. ఇంటికొస్తే నవ్వేవాళ్ళు లేరు. అన్నం, చారు, ఒక అప్పడం. టీవీతో నేనే పోట్లాడుకుంటాను.

నీ కూతురు హారిక ఇక్కడ ఎమ్మెస్ చదువుతూ ఏడాదిపాటు నా ఇంట్లోనే ఉంది కదా. అప్పుడు నాకో ఆట ఉండేది. అది షూ తొడుక్కుని తలుపు తీయగానే వెనకనుంచి ఒక్క తుమ్ము తుమ్మేవాణ్ణి. దొంగ తుమ్ము. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము వినబడితే వెనక్కొచ్చి కూర్చుని, నాలుగు గుక్కలు మంచినీళ్ళు తాగిగాని కదలకూడదని దానికి చిన్నప్పుడే నేర్పావు. ఎంత చదివినా ఆ ఒక్కటీ వదల్లేదు.

"మావయ్యా, రెండోది కూడా తుమ్మెయ్, ప్లీజ్. బస్ మిస్ అవుతాను."

"రావట్లేదే. తుమ్ములేమన్నా జేబులో పెట్టుకు తిరుగుతానా?"

"నీ ముక్కు కోసేస్తాను చూడు!"

అంటూనే కూర్చునేది. నీళ్ళు తాగే ఆ అయిదు నిమిషాలూ కబుర్లు చెప్పేది. అదీ నా లాభం.

వేసవిలో దానికి ఫ్రాన్స్‌లో ఒక యూనివర్సిటీకి ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా వెళ్ళే అవకాశం వచ్చింది. ఒక సెమిస్టర్ అక్కడ చదివితే ఇక్కడి చదువులో కలుపుతారు. వీసాకి న్యూయార్క్‌లో అపాయింట్‌మెంట్. ఆ రోజు రైలు తప్పిపోయి అపాయింట్‌మెంట్ పోయిందని నీకు తెలుసు. "లేటుగా లేచాను నాన్నా" అని అది బావతో చెప్పిందనీ తెలుసు.

అక్కా, అది లేటుగా లేవలేదు. అయిదింటికే లేచి తలంటుకుని, కాగితాలు మూడుసార్లు లెక్క చూసుకుని సిద్ధంగా ఉంది. తలుపు తీసింది. నేను తుమ్మాను.

అలవాటుగా వచ్చేసిందని రాసి, ఆ కాగితం చింపేశాను. అలవాటు కాదు. అది వెళ్ళిపోతే ఈ ఇల్లు ఎలా ఉంటుందా అని ఆ వారమంతా ఆలోచిస్తూనే ఉన్నాను. అందుకే తుమ్మాను.

దాని మొహం పాలిపోయింది. "అయ్యో, ఇవాళే రావాలా మావయ్యా" అని ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నీళ్ళు తాగింది. ఆ వేళ కబుర్లేం చెప్పలేదు. స్టేషన్‌కి నేనే డ్రైవ్ చేశాను. మేం మెట్లెక్కుతుండగానే రైలు తలుపులు మూసుకున్నాయి. తర్వాతి రైల్లో వెళ్ళేసరికి అరగంట ఆలస్యం. లోపలికి రానివ్వలేదు. మళ్ళీ తేదీ అయిదు వారాలకి దొరికింది.

ఆ అయిదు వారాలే దాన్ని ముంచాయి. అది అక్కడ దిగేసరికి క్లాసులు మొదలై నెల అయింది. హాస్టల్లో దానికని ఉంచిన గది వేరేవాళ్ళకి ఇచ్చేశారు. "అంతా బాగుందమ్మా" అని నీతో అంటోందే, ఆ బాగుండటం ఏమిటో విను. పారిస్ కాదు, అక్కడినుంచి రైల్లో మూడు గంటలు. ఒక పాత ఇంట్లో పైకప్పు కింద గది. మధ్యలో తప్ప నిలబడడానికి లేదు. మంచం మీంచి లేస్తే తల దూలానికి కొట్టుకుంటుంది. బ్యాంక్ అకౌంట్ కావాలంటే ఇంటి కాగితం తెమ్మన్నారట. ఇంటి కాగితానికి వెళితే ఇంటావిడ బ్యాంక్ కాగితం చూపించమందట. ఆవాలు నాలుగు నూనెలో వేస్తే పొగ అలారం మోగి, ఇంటావిడ మెట్లెక్కి వచ్చి కేకలేసిందట. ఆ తర్వాత పొయ్యి వెలిగించడం మానేసింది. రొట్టె తింటోంది.

ఆ రొట్టెల కొట్టులో కూడా మొదటిరోజు వేలితో చూపించి ఇదివ్వమంటే కొట్టావిడ పలకలేదట. ముందు బోంజూర్ అని పలకరించాలట. ఇప్పుడు అంటోంది. "రోజుకి ఒక మనిషితో ఒక మాట, మావయ్యా. ఆదివారం కొట్టు మూసేస్తారు. ఆ ఒక్కటీ ఉండదు" అంది. క్లాసులో అందరూ ముందే జట్లు కట్టేసుకున్నారు. దీన్ని కలుపుకునేవాళ్ళు లేరు. మొదటి పరీక్ష పోయింది.

ఇవన్నీ తట్టుకుంటుంది, నీ కూతురేగా. తట్టుకోలేనిది ఒక్కటే. "నాన్న నా ఫోన్ ఎత్తట్లేదు. టైముకి లేవలేని దానికి దేశాలెందుకన్నారు. అదే ఆఖరి మాట." రెండు నెలలైందక్కా. మొన్న జ్వరంలో ఫోన్ చేసి, చదువు మానేసి ఇంటికొచ్చేస్తానంది. టికెట్ చూసుకుంటోంది.

"నా పేరు చెప్పెయ్యవే!" అని అరిచాను.

"చెప్తే నాన్న నీతో జన్మలో మాట్లాడరు. అక్కడ నీకు మాత్రం ఎవరున్నారు?" అంది.

ఇంకొకటుంది. అది ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరిన రోజు గుమ్మంలో ఆగి, వెనక్కి తిరక్కుండానే "మావయ్యా, ఇవాళ తుమ్మవా?" అంది.

"నీవన్నీ దొంగ తుమ్ములని మొదటి నెల్లోనే తెలుసు. నిజంగా తుమ్మితే పక్కింటి కుక్క మొరుగుతుంది" అని నవ్వింది. తర్వాత నవ్వలేదు. "ఆ ఒక్కరోజు మాత్రం నిజమే అనుకున్నాను. అలాంటి రోజున నువ్వు ఆడవనుకున్నాను."

అని పెట్టె గుమ్మంలో వదిలి, లోపలికొచ్చి అయిదు నిమిషాలు కూర్చుంది. ఎవరూ తుమ్మకుండానే. గ్లాసుడు నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. ఆ గ్లాసు నేనింకా తోమలేదు.

అక్కా, ఇది బావకి నువ్వే చదివి వినిపించు. మధ్యలో లేచిపోతే తలుపు గడియ పెట్టి వినిపించు. అయ్యాక ఆయన చేత ముందు దానికి ఫోన్ చేయించు. అది టికెట్ కొనేలోపు చేయించు. నన్ను తిట్టడానికి తొందర లేదు, నేనెక్కడికీ పోను. బావ నాతో మాట్లాడనంటే అలాగే కానీ. గోంగూర పచ్చడి పంపమని అడిగాను కదా, నాకొద్దు, దానికి పంపు. పొయ్యి వెలిగించక్కర్లేదు.

పెద్దమ్మ కాళ్ళకి నా బదులు నువ్వు దణ్ణం పెట్టు. దీవెనలు ఏమన్నా ఉంటే ఆ పిల్లకి మళ్ళించమను.

నీ తమ్ముడు,
రాంబాబు

తాజా కలం: ఈ కవరు ఇవ్వడానికి తలుపు తీశానో లేదో తుమ్మొచ్చింది. ఒక్కటే. పక్కింటి కుక్క మొరిగింది. ఈ ముక్క రాయడానికి లోపలికొచ్చాను గాని, కూర్చోలేదు. నిలబడే రాస్తున్నాను. వెళ్తున్నాను.