గుట్ట మీద స్తంభం, ఊరంతా తలనొప్పి

రాళ్లగూడెం, జగ్గయ్యపేట మీదుగా
జూన్ 3

ప్రభువునందు ప్రియమైన మేనల్లుడు శాంతికుమార్‌కు మామయ్య ఇశ్రాయేలు దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడానికి లేదు. మీ గాలిమరల కంపెనీ మన గుట్ట మీద ఆ ఇనప స్తంభం పాతి నెలయింది. అప్పట్నుంచి ఊళ్లో సగం మందికి తలనొప్పి. మీ అత్తయ్య జయమణికి చెవిలో ఒకటే హోరు. రత్నబాబు గేదె పాలు తగ్గించేసింది. గాలిమర మన మబ్బుల్ని తెలంగాణలోకి తోసేస్తుందని బడ్డీకొట్టు దగ్గర తేల్చేశారు.

నువ్వు నందిగామ ఆఫీసులో ఉన్నావనేగా మెర్లిన్‌ను నీకిస్తానని మాటిచ్చా. పొద్దున్నే బస్సెక్కితే పదింటికల్లా కూతురి ఇంట్లో కాఫీ తాగొచ్చని నా ఆశ. ఒక్కగానొక్క పిల్ల. అందుకే సొంత మనిషిగా చెప్తున్నా, ఆ స్తంభం పీకించెయ్.

నీ మేలుకోరే
ఇశ్రాయేలు, రిటైర్డ్ హెడ్మాస్టరు, సంఘ కార్యదర్శి

తా.క. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. స్తంభం వచ్చాక సిగ్నల్ లేదు. అంతకుముందూ లేదనుకో.

నందిగామ
జూన్ 9

గౌరవనీయులైన మామయ్య గారికి శాంతికుమార్ వందనాలు.

అది గాలిమర కాదండి! గాలి ఎంత వేగంగా వీస్తోందో ఏడాదిపాటు కొలిచే ఉత్త స్తంభం. రెక్కల్లేవు, మోటారు లేదు. పైన అరచేతిలో పట్టే గిన్నెలు మూడు గాలికి తిరుగుతాయి, అంతే. కొలత బాగుంటే గాలిమరలు వస్తాయి, నాకు నందిగామలోనే ఉద్యోగం ఖాయమవుతుంది. అత్తయ్య చెవి ఒకసారి డాక్టరుకు చూపించండి.

మీ
శాంతికుమార్

తా.క. రత్నబాబు గేదె చూడితో ఉందట కదా, పాలు తగ్గకేం చేస్తాయి? మెర్లిన్ ఫోన్లో చెప్పింది. డాబా ఎక్కితే సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందట.

రాళ్లగూడెం
జూన్ 20

చి. శాంతికుమార్‌కు దీవెనలు.

నీ జాబు ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలో చదివా. జనం హడలిపోయారు. రెక్కల్లేకుండానే ఇంత తలనొప్పి వస్తే రెక్కలొచ్చాక ఊరు మిగులుతుందా అని ప్రేమకుమారి ఏడ్చేసింది. పైగా గిన్నెలు తిరుగుతున్నాయని నువ్వే ఒప్పుకున్నావు! డాక్టరు మీ అత్తయ్య చెవిలోంచి పెసరగింజంత గుబిలి తీశాడు. అదీ స్తంభం పాతాక చేరిందే.

నూటపన్నెండు సంతకాలతో మీ హెడ్డాఫీసుకు అర్జీ పంపా. నాకు కరెంటు మీద కోపమేం లేదు, రెండు గదుల్లో ఏసీ ఉంది. గాలిమరలు దేశానికి కావాలి, సరే. మన గుట్టే దొరికిందా? సముద్రంలో పెట్టుకోమను. చేపలకు తలనొప్పి వచ్చినా అర్జీలు పెట్టవు.

ఇశ్రాయేలు

తా.క. పెళ్లి పనులు మొదలుపెట్టాం. దానికీ దీనికీ సంబంధం లేదు.

నందిగామ
జూలై 4

మామయ్య గారికి వందనాలు.

అర్జీ పైన "మా ఊరికి బస్సు కావలెను" అని రాసి కొట్టేసి ఉందేమిటండీ? మూడో పేజీలో సంతకం పెట్టిన పుష్పవతమ్మ గారు పోయి రెండేళ్లయింది. ఆవిడకూ తలనొప్పేనా?

ఆదివారం ఆరాధన కాగానే, ఎందుకైనా పనికొస్తాయని ఖాళీ కాగితాల మీద సంతకాలు చేయించి బీరువాలో దాస్తారని నాకు తెలుసు. హెడ్డాఫీసు వాళ్లకేం తెలుసు? ఊరు ఊరంతా తిరగబడిందని కంగారు పడుతున్నారు. నందిగామ ఆఫీసు తెరిచిందే ఆ గుట్ట కోసం. మీ కాళ్లు పట్టుకుంటా, అర్జీ వెనక్కి తీసుకోండి.

మీ
శాంతికుమార్

రాళ్లగూడెం
జూలై 11

చి. శాంతికుమార్‌కు,

తీసుకోను. సంఘం ముందు నా పరువేం కాను?

ఇశ్రాయేలు

తా.క. పుష్పవతమ్మ బతికుండగా పెట్టిన సంతకమే అది. ఇప్పుడుంటే ఆవిడకీ తలనొప్పి వచ్చేదే.

నందిగామ
ఆగస్టు 16

మామయ్య గారికి వందనాలు.

మీరు గెలిచారు. స్తంభం పీకేశారు. నెలాఖరుకు ఈ ఆఫీసూ మూసేస్తున్నారు. సముద్రంలో పెట్టమని మీరు అర్జీలోనూ రాశారట. మీ మాట నచ్చిందో, వాళ్లకే తోచిందో గానీ, కంపెనీ ఇప్పుడు సముద్రం మీద గాలి కొలుస్తుందట. నన్ను గుజరాత్ తీరానికి వేశారు. రైల్లో రెండు రోజులు. పెళ్లి అనుకున్న తేదీకే. పెళ్లయిన వారానికి మెర్లిన్, నేను బయల్దేరతాం.

మీ
శాంతికుమార్

తా.క. మెర్లిన్‌కు తెలుసు. మీకు చెప్పడానికి భయపడి నన్ను రాయమంది.

రాళ్లగూడెం
ఆగస్టు 19

ప్రభువునందు మిక్కిలి ప్రియమైన, బంగారంలాంటి అల్లుడు శాంతికుమార్‌కు,

ఆ స్తంభం పీకేసిన దగ్గర్నుంచి ఊళ్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. రత్నబాబు గేదె ఈనినా పాలు చేపట్లేదు. అది ఉన్నన్నాళ్లు గుట్ట మీంచి ఎంత చల్లటి గాలి వచ్చేదో! ఒక్క స్తంభం ఏంటి, గాలిమరలే నలభై పెట్టుకోమను. నా మెట్టచేను ఇస్తా. చర్చి ఆవరణ ఇప్పిస్తా. తలనొప్పి అన్నవాళ్ల సంగతి నేను చూసుకుంటా. బీరువాలో సంతకాలు ఇంకా రెండు కట్టలున్నాయి.

నీ
మామయ్య

తా.క. గేదె సంగతి నేను కల్పించిందే, నీకు తెలుసుగా. నిద్ర పట్టంది నా ఒక్కడికేరా. పిల్ల లోపల పెట్టె సర్దుకుంటోంది, చూడలేక బయటికొచ్చి కూర్చుని రాస్తున్నా. మూసేసే ఆఫీసుకు అర్జీ పెట్టాలంటే ఏ అడ్రసుకు పంపాలో చెప్పు.