ఫ్యాను కింద కుర్చీ

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే జాలరిపేటలో అన్నయ్య ఇంటికెళ్లి నీ ఫొటోకి దండ వేసి, అటునుంచే ఆఫీసుకి వెళ్లాను. ఇండియాకి ఆడినప్పుడు ఇచ్చిన హాకీ బ్లేజరు వేసుకునే వెళ్లాను. ఫంక్షన్ ఉందంటే మా ఆఫీసరు నన్ను అలాగే రమ్మంటాడు, బొకే ఇవ్వడానికి. నువ్వు పెట్టిన కలరా ఉండల వాసన దానికి ఇంకా పోలేదు. గుండీలే పట్టడం లేదు.

ఇవాళ బొకే మల్కాపురం అమ్మాయికి. ఫార్వర్డ్ ఆడుతుంది. నాలాగే హాకీ కోటాలో ఉద్యోగం ఇచ్చారు. ఫొటోలయ్యాక నన్ను వరండాలోకి లాక్కెళ్లి అడిగింది.

“అక్కా, ఇండియా కేంపుకి పిలిత్తే ఈల్లు సెలవిత్తారా?”

నాకు ఇవ్వలేదు కదమ్మా. టెలిగ్రాం వచ్చినా, సెక్షన్లో మనుషులు లేరన్నారు. ఉద్యోగం మానేస్తానని నీకు చెబితే, నెత్తి మీది చేపల తట్ట దించకుండానే అన్నావు:

“ఓలమ్మీ, ఎండకి నా నెత్తి మాడిపోనాది. ఫేను కింద కూకోడానికి ఎంతమంది ఏడుత్తన్నారో నీకెరికా?”

మళ్లీ ఎవరూ పిలవలేదు. ఇప్పటికీ ఆ ఫ్యాను కిందే ఉన్నాను.

ఆ పిల్లకి నిజం చెబుదామనే నోరు తెరిచాను. కింద గేటు దగ్గర వాళ్లమ్మ కనిపించింది. కొంగు నెత్తిన వేసుకుని, ఎండలో నిలబడి, మేడకేసి చూస్తూ నవ్వుతోంది.

“ఫేను కింద కూకోడానికి ఎంతమంది ఏడుత్తన్నారో నీకెరికా?” అన్నాను.

ఆ పిల్ల తల వంచుకుంది. ఆ రోజు నేనూ నీకు ఎదురు చెప్పలేదు.