లాకుల దగ్గర మూడో మెట్టు ఎవరికి చెందాలనే విషయమై

పశ్చిమ గోదావరి జిల్లా, భీమవరానికి దిగువన ఉన్న లాకులపేట కాపురస్థుడు, కీర్తిశేషులు ముదునూరి భీమరాజు గారి కుమారుడు, డెబ్బై ఒక్క సంవత్సరాల ముదునూరి రంగరాజు అనే నేను, నా ఇంటి వసారాలో కూర్చుని నా చేతిరాతతో రాస్తున్న వీలునామా. నా మతి స్థిమితంగానే ఉంది. డాక్టరు గారు కాలు అతికిందన్నారు. తల సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి అది బాగున్నట్టే లెక్క. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఒక్క విషయంలో మాత్రం బుర్ర ఎంత గోక్కున్నా ఏమీ తోచడం లేదు. అది ఏడో క్లాజులో వస్తుంది. ముందు మిగతావి తేల్చేస్తాను.

1. నేను కట్టించిన పెంకుటిల్లు, పెరడు, పెరట్లోని కొబ్బరిచెట్లు నా భార్య సుభద్రమ్మకు సర్వహక్కులతో చెందాలి. అమ్ముకున్నా, అద్దెకిచ్చుకున్నా అడిగే హక్కు ఎవరికీ లేదు. వంటింటి గట్టు మీద నేను ఎర కలుపుకునే సత్తుగిన్నె ఉంది. దాన్ని కాలువలోకి గిరాటేస్తానని కాపురానికి వచ్చిన కొత్తలోనే అంది, ఇప్పటికీ అంటూనే ఉంది. ఇక వేసుకోవచ్చు.

2. చేపల చెరువులు, ట్రాక్టరు, మేత గోడౌను నా కుమారుడు శ్రీనివాసరాజుకు చెందాలి. ఇప్పటికే వాడి చేతిలో ఉన్నాయి, కాగితం మీద కూడా ఉండాలి కదా అని రాస్తున్నాను. వాడు మంచివాడు. వేసవి చివర నేను కాలువ లాకుల దగ్గర పాచి మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే, వర్షాకాలం అంతా భీమవరంలో వాళ్ళ మేడ మీద గదిలో పెట్టుకుని చూసుకున్నాడు. సుభద్రమ్మ ఇల్లు వదిలి రానని ఇక్కడే ఉండిపోయింది. కానీ వాడి చెరువుల్లో చేపకు తినడం ఒక్కటే తెలుసు, అనుమానపడటం తెలియదు. అలాంటి చేపను పట్టడంలో ఏం సరదా ఉందో నాకు అర్థం కాదు. వాడికి నా సంగతీ అర్థం కాదు. "మేం లారీల లెక్కన పడతాం నాన్నగారూ. మీరేంటండీ, ఒక్క చేప కోసం పొద్దుట్నించి ఆ బెండుకేసి చూస్తూ కూర్చుంటారు?" అంటాడు.

3. నీటి మీద తేలుతూ చేప ఎర ముట్టిన సంగతి చెప్పే ఆ బెండ్లలో, నెమలీకతో చేసినది నా మనవరాలు కీర్తిప్రియకు చెందాలి. దాని కొసకు ఎర్రరంగు వేసింది అదే, వాళ్ళమ్మ గోళ్ళరంగు దొంగిలించి. నా కళ్ళు మసకబారాక ఆ ఎర్రచుక్క వల్లనే ఇన్నాళ్ళు చేపలు పట్టగలిగాను. ఆ పిల్ల ఇంజనీరింగులో చేరిందని, గాలం ముట్టదని నాకు తెలుసు. పెన్నుల డబ్బాలో పెట్టుకున్నా చాలు.

4. నా పెద్ద గొడుగు, కూర్చునే కాన్వాసు పట్టా లాకుల గేట్లు చూసే లస్కరు లాజరుకు చెందాలి. వానలో మా అందరికీ ఆయన గది తలుపు తీసిపెట్టేవాడు.

5. వెదురు గాలపు కర్రలు, నైలాను దారపు ఉండలు, కొక్కేలున్న పొగాకు డబ్బా, ఏడో క్లాజులో మూడో మెట్టు ఎవరికి చెందితే వారికే చెందాలి.

6. అనుభవం కూడా ఆస్తే కాబట్టి అది కూడా రాస్తున్నాను. బెండు టకటకమని వణికితే అది చిన్నచేప కొరుకుడు, కర్ర ముట్టుకోవద్దు. బెండు నిలువుగా మునిగితే లాగవచ్చు. నిలువుగా ఉన్నది మెల్లగా పక్కకు వాలి పడుకుంటే కింద పెద్దది ఎర నోట్లోకి తీసుకుని పైకి లేచిందని గుర్తు, అప్పుడు ఆలోచించకుండా లాగాలి. నేను ఆలోచించి పోగొట్టుకున్నవే ఎక్కువ. గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో పిండి ఎర దండగ, వానపాము కట్టాలి. గాలం వేసే చోట చేపలకు వేసే మేతలో తవుడు, గానుగ చెక్క, మాడీ మాడనట్టు వేయించిన మెంతులు ఉండాలి. ఒకసారి సుభద్రమ్మ సున్నిపిండికని దంచిన కచ్చూరాలు మిగిలితే అవి కూడా మేతలో కలిపేసింది. "చేపలకు తలంటు పోస్తావా ఏంటే?" అని నవ్వాను. ఆరోజు మధ్యాహ్నానికి బుట్ట మోయలేకపోయాను. అప్పట్నుంచి కచ్చూరాల వాసన లేని ముద్ద నేను నీళ్ళలో వేయలేదు. ఈ సంగతి మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇది చదివినవాళ్ళందరికీ ఇప్పుడు తెలుస్తుంది, ఏం చేస్తాం.

7. మూడో మెట్టు. పాత లాకుల దిగువన రేవులో, నీటి అంచున ఉన్న మూడో మెట్టు మీద నేను ముప్ఫై ఏళ్ళకు పైగా కూర్చున్నాను. దాని ముందు మడుగు లోతు. ఎండాకాలం కాలువలు కట్టేసినా అక్కడ నీళ్ళుంటాయి. మా గాలాలవాళ్ళలో ఒక ఆచారం ఉంది. రోజూ మేత వేసి చేపలను ఒక చోటికి మప్పినవాడిదే ఆ చోటు. కలెక్టరు గారు వచ్చినా, చోటుగలవాడు ఉండగా అక్కడ గాలం వేయకూడదు. మేత మానేస్తే మాత్రం వారం పది రోజుల్లో చేప ఆ చోటు మరిచిపోతుంది, చోటుగలవాడి హక్కూ పోతుంది.

దస్తావేజు లేఖరి వెంకటరమణ గారిని ఈ మెట్టు గురించి అడిగితే, "అది గవర్నమెంటు మెట్టండి. మీరు రాసివ్వడానికి లేదండి" అన్నారు. మెట్టు గవర్నమెంటు వారే ఉంచుకోవచ్చు. నేను రాసిస్తున్నది దాని ముందున్న చేపల అలవాటు.

ఇప్పుడు అసలు గందరగోళం. నేను మంచాన ఉన్నన్నాళ్ళూ మేత పడలేదు. పడలేదనే అనుకున్నాను. పోయిన నెల కర్ర ఊతతో మెట్టు దాకా వెళ్ళి, చోటు చచ్చిపోయి ఉంటుందని ఏడుపు మొహంతో గాలం వేశాను. నీటి మీద సన్నని బుడగలు కనిపించాయి. కింద మేత ఏరుకునే చేప వదిలే బుడగలవి. బెండు పక్కకు వాలింది. ఎదిగిన శీలావతి చేప పడింది. ఇంటికి తెచ్చి పొట్ట కోస్తే లోపల తవుడు! ఎవరో నా చోటుకు, నేను లేనన్నాళ్ళూ మేత వేశారు. మేత వేసి, చోటు తనదని చెప్పుకోకుండా లేచిపోయారు. మా ఆచారంలో ఇలాంటిది నేను వినలేదు. అది దొంగతనమా, దానమా, నాకు తెలియడం లేదు.

వేసినవారెవరో వారికే ఈ చోటు చెందాలి. నేను పోయాక మేత ఆపకుండా వేసేది వాళ్ళే. లేకపోతే నా జీవితకాలపు పని పది రోజుల్లో నీళ్ళపాలవుతుంది. నా బాధ అదే. ఇల్లూ చెరువులూ ఎవరి దగ్గరున్నా పాడవవు.

మొదట ఇక్కడ శ్రీనివాసరాజు పేరు రాసి కొట్టేశాను. "నాకంత తీరికెక్కడిది నాన్నగారూ?" అన్నాడు. నిజమే. తర్వాత లాజరు పేరు రాశాను. "నేను గేట్లవైపు చూస్తానండి, మెట్లవైపు చూడనండి" అన్నాడు. లాకుల మీద నిలబడ్డ మనిషికి మెట్లు కనబడకుండా ఎలా ఉంటాయో నాకు తెలియదు, కానీ వేసింది తాను కాదని ఒట్టు వేశాడు. కొట్టేశాను. తర్వాత సుభద్రమ్మ పేరు రాశాను. "ఆ పాచిమెట్టు మీద పడి నా కాలు కూడా విరగాలా ఏంటండి?" అంటూ చింతపండు పిసుక్కుంటూ కూర్చుంది. ఆవిడ రేవులోకి దిగడం నేనెన్నడూ చూడలేదు. కొట్టేశాను. మీరు చూస్తున్న కొట్టివేతలన్నీ నావే, ఎవరూ కాగితం దిద్దలేదు.

ప్రస్తుతానికి ఇలా ఉండనివ్వాలి: మూడో మెట్టు ఎదుట చేపల అలవాటు, నేను లేనప్పుడు మేత వేసిన ఆ పేరు తెలియని వ్యక్తికి చెందాలి.

8. సాక్షులు. వీలునామాలో ఏదైనా పొందేవాళ్ళను సాక్షిగా పెట్టవద్దని లేఖరిగారి నియమం. ఆయన ఒక సాక్షి. రెండో సాక్షి కోసం వెతికితే, నేను దేనికీ వారసుణ్ణి చేయనని గట్టిగా చెప్పగల మనిషి ఊళ్ళో ఒక్కరే తేలారు. రిటైర్డు పోస్టుమాస్టరు చంద్రరావు గారు.

ఆయన కూర్చునేది రెండో మెట్టు. పదకొండేళ్ళ కిందట మా ఇద్దరి దారాలూ ఒకేసారి లాగాయి. ఇద్దరం లాగాం. ఒకే బొచ్చె చేప పైకి వచ్చింది, పసిపిల్లాడంత. దాని పైపెదవికి ఒక గాలం, కిందపెదవికి ఒక గాలం. ముందు తనదే గుచ్చుకుందని ఆయన, నాదని నేను. మాటా మాటా పెరిగింది. చివరికి ఎవరమూ తీసుకోక లస్కర్ల ఇంటికి పంపాం. అప్పట్నుంచి పక్కపక్క మెట్ల మీద, మాటల్లేకుండా. ముందు గుచ్చుకున్నది ఏదో నాకు ఈరోజుకీ తెలియదు. నాదేనని అప్పుడెందుకు అంత గట్టిగా అరిచానో కూడా తెలియదు.

ఆయనను సంతకానికి పిలవమంటే సుభద్రమ్మ, "సరే, పిలిపిస్తాను" అంది. అంత సులువుగా ఎందుకు ఒప్పుకుందో!

ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత వెంకటరమణ గారిది. ఇంతవరకు చదువుకుని, సరిగ్గా ఉందని సంతకం చేశాను.

ముదునూరి రంగరాజు

సవరణ. పై సంతకం సిరా ఆరకముందే జరిగిన దానివల్ల ఇది రాయవలసి వచ్చింది.

చంద్రరావు గారు కాలువ నుంచి తిన్నగా వచ్చి, చేయి లుంగీకి తుడుచుకుని సంతకం చేశారు. కాగితం అడుగున ఆయన బొటనవేలి మరక పడింది. ఇది కాగితం దిద్దిన మరక అని ఎవరూ అనుకోకూడదు. సిరా ఆరడానికి ఊదుదామని నేను కాగితం ముఖం దగ్గరికి తెచ్చుకుంటే తవుడు వాసన, మెంతుల వాసన. వాటి వెనక కచ్చూరాల వాసన.

నేను తలెత్తి చూశాను. ఆయన తల దించుకున్నారు.

"మీ ఇంటావిడగారు ముద్దలు చేసి లాజరు చేత పంపేవారండి. నేను వేసేవాణ్ణండి. చోటు పోయిందంటే రాజుగారు ఇంక మంచం దిగరన్నారండి. ఇప్పుడు మీకు మేత బకెట్టు మోసుకునే ఓపిక లేదని ఇవాళ కూడా వేసొచ్చానండి" అన్నారు. పదకొండేళ్ళ తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట ఇది.

"మరి మీరెందుకు ఒప్పుకున్నారండి?" అన్నాను.

"పక్క మెట్టు ఖాళీగా ఉంటే నాకు కూర్చోబుద్ధి కాలేదండి" అన్నారు.

గుమ్మంలోంచి సుభద్రమ్మ, "నోళ్ళు తెరిచారు, సంతోషం. కాఫీ చల్లారిపోతోంది, ముందు తాగండి" అంది.

కోప్పడాలా, సిగ్గుపడాలా, నాకు తెలియలేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి. ఆనాటి బొచ్చెలాగే నాకూ రెండు గాలాలు తగిలాయి, ఏది ముందు గుచ్చుకుందో ఈసారీ తేల్చలేను.

కాబట్టి ఏడో క్లాజు ఇలా మారింది. మూడో మెట్టు ఎదుట చేపల అలవాటు, దానితోపాటు ఐదో క్లాజులోని సామానంతా చంద్రరావు గారికి చెందాలి. మేత ముద్దలు చేసే హక్కు సుభద్రమ్మది. ఒకటో క్లాజులోని సత్తుగిన్నెను గిరాటేయకూడదు.

లేఖరిగారు వెంటనే, "సాక్షికి వాటా రాయకూడదండి" అన్నారు. అందువల్ల సాక్షిగా చంద్రరావు గారి పేరు తీసేశాను. ఆయన బదులు లాజరును లాకుల దగ్గర్నుంచి పిలిపించాం. లాజరుకు గొడుగు, పట్టా రాశాం కదా అని లేఖరిగారు మళ్ళీ అడ్డుపడ్డారు. అవి రెండూ ఇప్పుడే చేతికిచ్చేశాను. నాలుగో క్లాజు రద్దు.

లాకులపేట, 16 నవంబరు 2002.

ముదునూరి రంగరాజు (మళ్ళీ)

సాక్షులు:

వెంకటరమణ, దస్తావేజు లేఖరి

లాజరు, లస్కరు. అంతా చూసి ఏమీ చెప్పనివాడు.

చంద్రరావు, రిటైర్డు పోస్టుమాస్టరు. ఈ సంతకం కొట్టివేయడమైనది. మరకను అలాగే ఉంచాలి. ఈయన సాక్షి కాదు, నా వారసుడు.