పరీక్ష రోజు ఆయన పాడాడు

ఆదివారం మధ్యాహ్నం, వాన వెలిశాక

ఆసుపత్రి పెద్ద డాక్టరు గారికి,

నమస్కారం. ముందే పెట్టేస్తున్నాను, చివరికొచ్చేసరికి కోపంలో మర్చిపోతానేమోనని. మీరూ మీ ఇంట్లోవాళ్లూ చల్లగా ఉండాలి.

నన్ను అందరూ మగ్గాలమ్మ అంటారు. మీ చీటీలో వేరే పేరుంటుంది, దానితో పిలిస్తే నేనే పలకను. వయసు డెబ్బై దాటింది. ఇంట్లో ముగ్గురం: నేను, మా ఆయన, ఆయన చెల్లెలు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కింది వాటాలోని దర్జీ అమ్మాయి రాస్తోంది. ‘సవినయంగా మనవి చేసుకుంటున్నాను’ అని మొదలుపెట్టింది. కొట్టెయ్యమన్నాను. నేను మనవి చెయ్యడం లేదు, అడుగుతున్నాను.

అడిగేది ఒక్కటే. మా ఆయన్ని పాటల గదిలోంచి ఎందుకు తీసేశారు? మెరుగు లేదని రాశారట. ఆ మాట ఎవరన్నారో నా ఎదుటికొచ్చి అనమనండి.

మా ఆయనా నేనూ బట్టల మిల్లులో పనిచేశాం. మగ్గాల షెడ్డులో మాటకు గొంతు పనికిరాదు. అన్ని మగ్గాలూ ఒక్కసారి ఆడుతుంటే పక్కమనిషి చెవిలో అరిచినా గాలికి పోయినట్టే. అందుకని గొంతు తియ్యకుండా పెదాలు బాగా కదిపి మాట్లాడుకునేవాళ్లం. షెడ్డు ఆ చివరనున్నవాళ్ల మాట ఈ చివర చూసి తెలుసుకునేవాళ్లం. మా పెళ్లి మాటలూ అలాగే కుదిరాయి. రోజూ భోజనాల వేళకి ఆయన అవతలి వరసలోంచి “తిన్నావా?” అని పెదాలతో అడిగేవాడు. కొన్నాళ్లకి ఆయన్ని నూలు గోదాముకి మార్చారు. నేను మాత్రం మిల్లు మూసేదాకా మగ్గం మీదే ఉన్నాను.

పోయిన ఏడు ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. మూతి వంకరపోయి పెదాలు ముద్దకట్టాయి. ఏదో చెప్పాలని చూసేవాడు, నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. గ్లాసు విసిరేసేవాడు. గడ్డం గీస్తానంటే తల తిప్పేసుకునేవాడు. ఏ మనిషితో పోట్లాడుతూ బతికానో ఆ మనిషి అక్కడే మంచం మీద ఉన్నాడు, అయినా లేడు. మా ఆడపడుచు ఊరుకుంటుందా, అన్నయ్యకి మాట పోతే నీకు పోట్లాటకి జోడీ లేకపోయిందనే కదా వదినా నీ ఏడుపు అంది. అందులో సగం నిజమే.

అప్పుడు మీ పాట డాక్టరమ్మ వచ్చింది. పాడితే రోగాలు పోతాయా, ఇదేం ఆసుపత్రి, నాటకాల కంపెనీయా అని నేనే నవ్వాను. ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. తలలో మాట పుట్టే చోటు దెబ్బతిన్నదట, రాగం తిరిగే చోటు అవతలి పక్క ఇంకా బాగానే ఉందట, ఆ దారిన మాటని మెల్లగా నడిపిస్తానంది. అన్ని రోగాలకీ కుదరదని, ఈయనకైనా ఎంతవరకు వస్తుందో ముందే చెప్పలేనని కూడా అంది. గొప్పలు చెప్పుకోకపోవడం నాకు నచ్చింది.

ఇంట్లోవాళ్లని ఆ గదిలోకి రానివ్వరు. వసారా బల్ల మీద కూర్చుని తలుపు అద్దంలోంచి చూసేదాన్ని. ఆమె ఆయన ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుని బల్ల మీద తడుతూ, రాగం తీస్తూ ఒక్కో మాటా పాడేది. ఆయన ఆమె నోరే చూస్తూ ఉండేవాడు. కొన్ని వారాలకి ఆ వంకర పెదాలు నిదానంగా విడివడి “నీ…ళ్లు కా…వా…లి” అన్నాయి. నేను లేచి వెళ్లి మొహం కడుక్కొచ్చాను.

తర్వాత గ్లాసులు విసరడం మానేశాడు. గడ్డానికి మొహం ఇచ్చాడు. నిద్రమాత్ర లేకుండా పడుకుంటున్నాడు. పాట అంటే కాలక్షేపం అనుకునేదాన్ని. ఆయన్ని చూశాక నాకు తోచింది వేరు. లోపల ఇరుక్కుపోయిన మనిషికి బయటికి రావడానికి దారి కావాలి. మందు నొప్పిని తగ్గించింది, కానీ ఆయన్ని తీసుకొచ్చింది పాటే.

ఇక పరీక్ష రోజు. మీరు, ఇంకో ఇద్దరు డాక్టర్లు, ఓ పక్కగా పాట డాక్టరమ్మ. ఆయనకి ధైర్యంగా ఉంటుందని నన్ను ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆయన నన్నే చూస్తూ నీళ్లు అడిగాడు, కిటికీ తెరవమన్నాడు. చివరగా ఎవరూ నేర్పని మాట “తిన్నావా?” అన్నాడు. నా రెండు కళ్లతో చూశాను. నేను చప్పట్లు కొట్టాను. మీరేమో తల అడ్డంగా ఊపి ఏదో రాసుకున్నారు. ముగ్గురు చదువుకున్నవాళ్లు ఎదురుగా కూర్చుని, పాడిన మనిషిని పాడలేదని ఎలా రాశారు? ఆయన పాటల గది ఆయనకి తిరిగి ఇవ్వండి. ఇవ్వకపోతే మీ గుమ్మం ముందు కూర్చుంటాను. నాకు వేరే పనేమీ లేదు.

ఇట్లు,
మగ్గాలమ్మ (ఎడమచేతి వేలిముద్ర)

మొదటి సాక్షి: ఆడపడుచు
రెండో సాక్షి: 

తా.క. అయ్యా, పైదంతా రాయించాక, రెండో సాక్షిగా సంతకం పెట్టడానికి పాట డాక్టరమ్మని పిలిపించాను. ఆమె ఉత్తరం చదివి కలం కింద పెట్టేసింది. నా ఎదురుగా కూర్చుని, అమ్మా, ఆ రోజు నేను పక్కనే ఉన్నాను, పెదాలు కదిలాయి కానీ గొంతు రాలేదు, నాతో రోజూ గొంతెత్తి పాడే మనిషి ఆ రోజు ఎందుకు మూగబోయాడో నాకూ అంతుపట్టలేదు అంది. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అప్పుడు మా ఆడపడుచు, ఇక చాలు వదినా, నువ్వు చెబుతావా నన్ను చెప్పమంటావా అంది.

చెబుతున్నాను. నాకు వినపడదు. మగ్గాలు నా చెవుల్ని ఎప్పుడో తినేశాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి బతుకుతున్నాను. తెలిస్తే ఆయన దగ్గర నన్ను ఉండనివ్వరని, మీ ఆసుపత్రిలో ఎవరికీ చెప్పనని ఆడపడుచు చేత ఒట్టు వేయించుకున్నాను. తను ఇప్పుడు చెబుతోంది, నేను వంటింట్లో ఉంటే వాళ్లన్నయ్య తనని గొంతెత్తి టీ అడుగుతాడట. నేను ఎదురొస్తే గొంతు ఆపి పెదాలే కదుపుతాడట. మీ ఇద్దరిదీ ఎప్పుడూ అంతే కదా అని తను పట్టించుకోలేదట.

పరీక్ష రోజు మీరు నన్ను తెచ్చి ఆయన ఎదురుగా కూర్చోబెట్టారు. ఆయన షెడ్డులో నాతో మాట్లాడినట్టే పాడాడు. మీరు రాసింది అబద్ధం కాదు. నేను చూసిందీ అబద్ధం కాదు.

ఇంకొక్కసారి పరీక్ష పెట్టండి. నేను లోపలికి రాను, అద్దం దగ్గరికీ రాను. వీధి గేటు దగ్గర నిలబడతాను. మీరు విని, బయటికొచ్చి, ఆయన గొంతు ఎలా ఉందో నాకు చెప్పండి. కాస్త పెదాలు బాగా కదిపి చెప్పండి.

వేలిముద్ర మళ్లీ వేశాను.
రెండో సాక్షి: పాట డాక్టరమ్మ, ఇప్పుడు సంతకం పెట్టింది.