అందరి ఫోన్లలో అమ్మ గొంతు

గురువారం రాత్రి

ఈరోజు అమ్మకు అబద్ధం చెప్పాను. ఇప్పుడే రాసుకోకపోతే రేపటికి దాన్ని నేనే నమ్మేసేలా ఉన్నాను.

పోయిన నెల నేను లైవ్‌లో తుపాకుల గేమ్ ఆడుతుంటే అమ్మ వెనక నుంచి అరిచింది: "ఓ పోరీ, గా తుపాకి పక్కకు పెట్టి జెర బువ్వ తిను!" చూసేవాళ్లు పడీపడీ నవ్వారు. నా వీడియోలు ఎడిట్ చేసే సమీర్ భయ్యా ఆ ముక్క కత్తిరించి, లైవ్ చూస్తూ ఎవరు నాకు డబ్బు పంపినా అదే మోగేలా పెట్టాడు. నేనే సరేనన్నాను. నాలాగే లైవ్‌లో ఆడే వేరే స్ట్రీమర్లు అడిగితే ఇచ్చెయ్యమన్నదీ నేనే.

ఈరోజు అమ్మ పటాన్‌చెరు కంపెనీ నుంచి డ్యూటీ మధ్యలోనే వచ్చేసింది. తను అన్నం డబ్బా తెరవగానే ప్యాకింగ్‌లో పనిచేసే కుర్రపిల్లలు ఫోన్‌లో ఆ మాట మోగించారట. "ఏం పెద్దమ్మా, తుపాకి పక్కకు పెట్టినవా?" అని ఒకటే నవ్వట.

"నా గొంతు గాళ్ల ఫోన్లకు ఎట్ల పోయింది బిడ్డా?"

"ఏమో అమ్మా, నాకేం తెల్సు" అన్నాను.

నమ్మింది. నేను చదువుకున్నదాన్ని కదా, నా మాటే నిజమనుకుంది. సాయంత్రం నేను మళ్లీ లైవ్ పెడితే, దగ్గొస్తే అది కూడా ఫోన్లలోకి పోతుందేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాకిట్లోకి వెళ్లిపోయింది.

సమీర్‌కు ఇప్పుడే మెసేజ్ పెట్టాను: "భయ్యా, మన లైవ్‌ల అమ్మ గొంతు తీసేసిన. నువ్వు ఎవరెవరికి పంపినవో వాళ్లందరితోని తీయించు. తీయనన్నోళ్ల పేర్లు చెప్పు, నేనే అడుగుత. అమ్మకు నిజం చెప్పాలె, ఉట్టి చేతులతోని చెప్పలేను. ఆదివారం లోపల జవాబియ్యి. రేపు, ఎల్లుండి డ్యూటీకి పోనన్నది గని సోమవారం ఆమె మళ్లా గాళ్ల నడుమనే కూసోని తినాలె."