గుండు ముందు, రిజల్ట్స్ తర్వాత

శనివారం, బందరు

బీచ్ సెలవుల్లో మూడో రోజు. నిన్న ఘంటసాల స్తూపం, ఇవాళ గుణదల. నేను డిగ్రీ పాసైతే నా జుట్టిస్తానని అమ్మ మేరీమాతకు మొక్కుకుంది. రిజల్ట్స్ మాత్రం సోమవారం.

"పాసయ్యాక కదమ్మా ఇవ్వాల్సింది?"

"మళ్లీ ఎప్పుడొస్తాంరా, కూర్చో. పుచ్చుకున్నాక ఆవిడ మాత్రం కాదంటుందా?"

జుట్టు సగౌరవంగా నేలకొరిగింది. మూడో పేపరు ఎలా రాశానో నాకూ మాతకూ మాత్రమే తెలుసు.

సాయంత్రం మంగినపూడి బీచ్‌లో, నీళ్లంటే హడలిపోయే అమ్మ నా గుండు పట్టుకుని మోకాళ్ల లోతు దాకా వచ్చి పడీపడీ నవ్వింది. ఆ నవ్వు సోమవారం కూడా ఉంటుందా...

ఇందాక గుండుకు గంధం రాస్తూ మెల్లగా అంది: "భయపడకు. సప్లిమెంటరీకి మీ నాన్న మీసం మొక్కుకున్నాలే."

ముప్పయ్యేళ్ల మీసం. పక్క మంచం మీద నాన్న హాయిగా గురక పెడుతున్నాడు.