అట్టకు అంటించిన ముసుగు

జెద్దా

షాహీదా అక్కకు సలాం. నువ్వూ, బావా ఎలా ఉన్నారు? పాపకు దగ్గు తగ్గిందా? మేం బాగానే ఉన్నాం, దిగులుపడొద్దు. నాయన పనిచేసే అబాయాల దుకాణంలో ఇకమీదట కౌంటర్ దగ్గర సౌదీ ఆడవాళ్లే ఉండాలట. నాయన్ని వెనక గదిలో ఇస్త్రీకి పెట్టారు. కుటుంబాల మీద తలకింతని వేసిన లెవీ పన్ను కట్టలేక నాయన ముందు అమ్మకు ఎగ్జిట్ కొట్టించి ఊరికి పంపించేస్తున్నాడు. పరీక్షలయ్యాక నేనూ వచ్చేస్తాను. ఇదంతా ఫోన్లో చెప్పిందే. చెప్పనిది ఒకటుంది.

మా బడిలో ప్రదర్శన పెట్టారు. ఆడవాళ్లు భుజాలు కప్పుకునే బట్టల చరిత్ర నేను తీసుకున్నాను. ఉత్తరీయం, పైట, ఓణీ, శాలువా... ఒక్కో మాటా చప్పరిస్తూ రాసుకున్నాను. ఒకప్పుడు ఐరోపా ఆడవాళ్లు గౌను మీద పొట్టి కేప్ వేసుకునేవాళ్లట. బొమ్మ చూస్తే అచ్చం మన రెండు ముక్కల బురఖాలో పైముసుగే! నువ్వు అమ్మకు కుట్టిచ్చావే, లోపల పాస్‌పోర్టుకు జేబు పెట్టి, అంచుకు నీలం దారం వేసి, అలాంటిదే. అమ్మ ఇక్కడివాళ్లలా ఒంటిముక్క అబాయానే వేసుకుంటుంది కదా, అది పెట్టెలో ఊరికే పడి ఉందనుకున్నాను. అడగలేదు. కత్తిరింపు కనబడాలని కుట్లు విప్పి, సగానికి కోసి, అట్టకు జిగురుతో అంటించాను. మొదటి బహుమతి వచ్చింది.

అమ్మ చూడ్డానికొచ్చి నీలం అంచు మీద వేలు పెట్టింది.

"ఇది అక్క కుట్టింది గదా?"

"నువ్వు వేసుకోవడం లేదని..."

"ఈడ ఏసుకునేదానికి కాదు మే. ఇంటికి పోయే దినం ఏసుకుందామని దాపెట్టుకుంటి."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నాయనైతే, "మా దుకాణంలో కటింగ్ మాస్టరు గూడా ఇంత తిన్నగా కోయడు పో" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

అట్ట మీద చీటీలో "బురఖా పైముసుగు, దక్షిణ భారతదేశం" అని ముచ్చటగా రాశాను. అన్ని మాటలు పోగేసుకున్నదాన్ని, కుట్టినవాళ్ల పేరు రాయాలని తోచనే లేదక్కా.

నీళ్లలో నానబెట్టి ఊడదీశాను. జిగురు మరక పోలేదు. నాకొచ్చినట్టు మళ్లీ కలిపి కుట్టాను, వంకరగా వచ్చింది. "విమానంలో పోయిందని చెప్తాలే, అక్క నిన్నేమీ అనదు" అంటోంది అమ్మ. అందుకే ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను. ఆమె నోట ఆ అబద్ధం రాకముందే చదువు. ముసుగు అమ్మ పెట్టె అడుగున పెట్టాను. నా కుట్లు విప్పి, నీ చేత్తో సరిచేసి, ఒక్కరోజైనా అమ్మకు వెయ్యి. నేనొచ్చాక నాకూ కుట్టు నేర్పు.

మీ అత్తమ్మకు, బావకు నా సలాములు చెప్పు. పాపకు ముద్దులు. నాకోసం దువా చెయ్యి, కోపం తగ్గాకే చెయ్యి.

చీటీ మార్చి రాసి ముసుగు జేబులో పెట్టాను: "కుట్టింది మా అక్క షాహీదా. కోసింది నేను."

నీ చెల్లెలు
నస్రీన్